వాహన దీపం మీది పలుచని పొర

కామవరపుకోట మెట్టప్రాంతం. ఎర్రనేలలు, పొగాకు చేలు, జీడిమామిడి, ఆయిల్‌పామ్ తోటలు అక్కడి గుర్తులు. అక్కడి నుండి ద్వారకా తిరుమల మీదుగా భీమడోలు చేరితే జాతీయ రహదారి తగులుతుంది. తూర్పుకు సాగితే తాడేపల్లిగూడెం, పడమటికి మళ్ళితే ఏలూరు. ఏలూరు దాటి కైకలూరు దారి పట్టిన వాహనం కొల్లేటి నడుమ నుండి పోతుంది. ఒక్క రాత్రి ప్రయాణంలో ఎర్రదుమ్ము, చేపల చెరువుల మీది తేమ, దీపానికి ముసిరే పురుగులు, చలికాలమైతే వేకువజామున కమ్మే పొగమంచు అన్నీ వాహనం ముఖాన తగులుతాయి. ఆ దారిలోనే సైకిలు మీద ఇంటికి మరలే కూలీ ఉంటాడు, గట్టు వెంట నడిచే పాదచారి ఉంటాడు, రోడ్డుకు అడ్డంగా నిలిచిన గేదె ఉంటుంది. చోదకునికి వీరు కనబడేది దీపపు వెలుగు చేరినంత దూరంలోనే.

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో లారీలు నిలిచే చోట పగటిపూట ఒకసారి ఆగి చూడండి. కొత్త వాహనాల హెడ్‌లైట్లు నీటిబొట్టులా తేటగా ఉంటాయి. ఏడెనిమిదేళ్ళు ఎండలో తిరిగిన వాటి దీపాలు శుక్లం కమ్మిన కన్నులా పసుపు తిరిగి, మసకబారి కనబడతాయి. లోపలి బల్బు కొత్తదే కావచ్చు, అద్దం వెనుక రిఫ్లెక్టరు తళతళలాడుతూనే ఉండవచ్చు. అయినా వెలుగు బయటికి రాదు. లోపమంతా ముందున్న కవచంలోనే ఉంది. ప్లాస్టిక్కుతో చేసినదైనా మనం దానిని అలవాటుగా అద్దమనే అంటాం.

ఒకప్పుడు అది నిజంగా అద్దమే. అంబాసిడరు కారు గుండ్రని దీపాలు గాజుతో చేసినవి. గాజుకు ఎండ భయం లేదు, గీతల భయమూ తక్కువే. అయితే గాజు బరువైనది, రాయి తగిలితే పగులుతుంది, కావలసిన వంపులలో పోత పోయడం కష్టం. 1953లో జర్మనీలోని బేయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్, అదే సంవత్సరం అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో డేనియల్ ఫాక్స్ విడివిడిగా పాలికార్బొనేటు అనే ప్లాస్టిక్కును కనుగొన్నారు. సుత్తితో కొట్టినా సులభంగా పగలని పదార్థమది. 1983లో అమెరికా ప్రభుత్వం బల్బు మార్చుకోగల ప్లాస్టిక్ హెడ్‌లైట్లకు అనుమతినిచ్చింది. ఆ తరువాత ప్రపంచమంతటా గాజు క్రమంగా తప్పుకొంది. నేడు కార్ల ముందు భాగం మీద కంటి రెప్పలా వాలినట్లు కనిపించే పొడవైన దీపాలు పాలికార్బొనేటు వల్లనే సాధ్యమయ్యాయి.

ఈ మార్పుతో రెండు చిక్కులు వచ్చాయి. ఒకటి కాంతికి సంబంధించినది, రెండవది మన్నికకు సంబంధించినది. మొదటిదానికి తెలిసిన విరుగుడు రెండవదానిని మరింత పెంచుతుంది. దీపాల కవచాలకు పూతను రూపొందించేవారి శ్రమ అంతా ఈ పేచీని పరిష్కరించడానికే.

ముందుగా కాంతి సంగతి చూద్దాం. కాంతి గాలి నుండి మరొక పారదర్శక పదార్థంలోకి ప్రవేశించేటప్పుడు గాని, దాని నుండి వెలుపలికి వచ్చేటప్పుడు గాని కొంత భాగం వెనుకకు మరలుతుంది. దీనినే పరావర్తనం అంటాం. రెండు పదార్థాల వక్రీభవన గుణకాల మధ్య తేడా ఎంత ఎక్కువైతే పరావర్తనం అంత ఎక్కువ. గాలికి ఈ గుణకం 1. సాధారణ గాజుకు సుమారు 1.52. పాలికార్బొనేటుకు దాదాపు 1.59. లెక్క కడితే గాజు ఒక్కొక్క ముఖం వద్ద కాంతిలో సుమారు 4 శాతం, పాలికార్బొనేటు వద్ద 5 శాతం వెనుకకు పోతుంది. కవచానికి లోపల ఒకటి, బయట ఒకటి, రెండు ముఖాలున్నాయి గనుక మొత్తం నష్టం సుమారు 10 శాతం.

ఇది కాంతి కవచాన్ని నిట్టనిలువుగా తాకినప్పటి లెక్క. గాలిని చీల్చుకొని పోవడానికి వీలుగా నేటి కార్ల దీపాలను వెనుకకు బాగా వాల్చి నిర్మిస్తున్నారు. కిరణం 60 డిగ్రీల ఏటవాలుగా తగిలితే ఒక్క ముఖం వద్దనే 10 శాతం పరావర్తనం చెందుతుంది. అంటే రెండు ముఖాలలో కలిపి ఇంచుమించు అయిదవ వంతు వెలుగు దారి తప్పుతుంది. ఆ వెలుగు ఎక్కడికి పోతుంది? వెనుకకు మళ్ళి, రిఫ్లెక్టరుకు తగిలి, మళ్ళీ ముందుకు వచ్చి, తాను పోవలసిన దిక్కున కాక మరొక దిక్కున బయటపడుతుంది. రోడ్డు మీద పడవలసిన వెలుగులో కొంత ఎదురుగా వచ్చే చోదకుని కళ్ళలో పడుతుంది. నా దృష్టిలో పది శాతం వెలుగు తగ్గడం కన్న ఈ దారి తప్పిన వెలుగే పెద్ద దోషం. వెలుగు పదోవంతు తగ్గితే కన్ను అంతగా గుర్తించదు. కాని కళ్ళలో పడిన మిరుమిట్లను మాత్రం క్షణంలో గుర్తిస్తుంది.

పరావర్తనాన్ని తగ్గించే ఉపాయం మనిషికి మొదట తెలిసినది ఒక లోపాన్ని గమనించడం వల్ల. 1886లో రేలీ ప్రభువు, గాలి తగిలి ఉపరితలం కొంత మార్పు చెందిన పాత గాజు కొత్త గాజు కన్న తక్కువ కాంతిని పరావర్తనం చేస్తున్నదని గుర్తించాడు. 1892లో ఇంగ్లాండులోని హెరాల్డ్ డెన్నిస్ టేలర్ అనే కటకాల నిర్మాత, మసకబారి రంగు తిరిగిన పాత కెమెరా కటకాలు కొత్తవాటి కన్న ఎక్కువ కాంతిని లోనికి పంపుతున్నాయని కనుగొన్నాడు. కాలక్రమంలో గాజు పైభాగం మీద ఏర్పడిన అతి పలుచని పొరే ఇందుకు కారణం. 1935లో జర్మనీలోని జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకులా శూన్యంలో ఫ్లోరైడు లవణాన్ని ఆవిరిచేసి కటకాలపై పొరగా నిలిపే పద్ధతికి పేటెంటు పొందాడు.

ఆ పొర ఏం చేస్తుంది? విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు వ్యతికరణం అనే మాట తెలిసినదే. తెలియనివారు కొల్లేటిలో పక్కపక్కన సాగే రెండు తాటిదోనెలను ఊహించుకోవచ్చు. రెండింటి అలలూ వ్యాపించి ఒకచోట కలుసుకుంటాయి. ఒక అల శిఖరం రెండవ అల లోతుతో కలిసిన చోట నీరు కదలక నిలిచినట్లుంటుంది. పూత మీద కూడా ఇదే జరుగుతుంది. పూత పైముఖం నుండి ఒక కాంతి తరంగం, అడుగుముఖం నుండి మరొక తరంగం వెనుకకు మరలుతాయి. పూత మందం సరిగ్గా కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు ఉంటే ఈ రెండూ ఒకదాని నొకటి రద్దు చేసుకుంటాయి. వెనుకకు పోయే దారి మూసుకుపోవడంతో ఆ కాంతి కూడా ముందుకే సాగుతుంది. మన కంటికి బాగా కనిపించే ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు. పూత పదార్థంలో అది కొంత కురచ అవుతుంది కాబట్టి కావలసిన మందం సుమారు 100 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో ఇది ఇంచుమించు ఎనిమిది వందలవ వంతు.

మందం ఒక్కటే చాలదు. రెండు తరంగాలు పూర్తిగా రద్దు కావాలంటే అవి సమాన బలం కలవి కావాలి. అందుకు పూత వక్రీభవన గుణకం అడుగు పదార్థపు గుణకానికి వర్గమూలంగా ఉండాలి. పాలికార్బొనేటుకు ఈ లెక్కన 1.26 గుణకం గల పదార్థం కావాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గుల్లబారని, గట్టి ఘనపదార్థాలలో అంత తక్కువ గుణకం గలది లేదు. కటకాల పరిశ్రమలో చిరకాలంగా వాడుతున్న మెగ్నీషియం ఫ్లోరైడు గుణకం 1.38. దానిని పూస్తే పాలికార్బొనేటు ముఖం వద్ద పరావర్తనం 5 శాతం నుండి 1 శాతం లోపునకు దిగుతుంది. అది చాలదా అంటే, చాలును. అయితే ఆ లవణం గట్టిగా పట్టుకోవాలంటే పూసేటప్పుడు అడుగు పదార్థాన్ని సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయాలి. గాజు ఆ వేడిని తట్టుకుంటుంది. పాలికార్బొనేటు 147 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. చల్లగా పూసిన మెగ్నీషియం ఫ్లోరైడును గుడ్డతో నాలుగుసార్లు గట్టిగా తుడిస్తే లేచిపోతుంది.

ఇలా లేచిపోయే పూతలకు చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. 1938లో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయంలో కేథరిన్ బ్లాడ్జెట్ అనే శాస్త్రవేత్త సబ్బుకు దగ్గరి బంధువైన బేరియం స్టియరేటును ఒక్కొక్క అణువు మందంతో 44 పొరలుగా గాజు మీద పేర్చింది. ఆ గాజు దాదాపు కనిపించకుండా పోయింది. పత్రికలు దానిని కనిపించని గాజు అని కొనియాడాయి. వేలితో రుద్దితే మాత్రం ఆ పొర చెరిగిపోయేది. కాంతి విషయంలో సంపూర్ణ విజయం సాధించిన పూత మన్నిక విషయంలో ఒక వేలి రాపిడికి ఓడిపోయింది. ఆ తరువాత గాజుకు వేడితో పరిష్కారం దొరికింది. ప్లాస్టిక్కుకు ఆ దారి మూసుకుపోయింది.

1.26 గుణకాన్ని సాధించడానికి మరొక మార్గం ఉంది. గట్టి పదార్థంలో గాలిని కలపడమే అది. ఇసుకలోని ముఖ్య పదార్థమైన సిలికా గుణకం 1.46. సిలికా పొరలో దాదాపు సగం ఖాళీగా, అతి సూక్ష్మమైన రంధ్రాలతో ఉంటే, కాంతి దానిని 1.26 గుణకం గల పదార్థంగానే చూస్తుంది. రంధ్రాలు కాంతి తరంగదైర్ఘ్యం కన్న ఎంతో చిన్నవిగా ఉండాలి. లేకుంటే కాంతి చెదిరి పూతే మసకగా కనిపిస్తుంది. కాంతిశాస్త్రం దృష్టిలో ఇది చక్కని పొర. కాని సగం ఖాళీగా ఉన్న గోడ ఎంత బలంగా నిలుస్తుంది? పరావర్తనాన్ని బాగా తగ్గించాలంటే పొర గుల్లగా ఉండాలి, ఎక్కువకాలం నిలవాలంటే దట్టంగా ఉండాలి. దీపానికి కావలసిన పూత ఈ రెండింటినీ ఒకేసారి కోరుతుంది.

కళ్ళద్దాలకు, కెమెరాలకు లేని కష్టాలెన్నో వాహన దీపానికి ఉన్నాయి. వాటిలో మొదటిది దుమ్ము. మన మెట్టప్రాంతపు ఎర్రమట్టిలోనూ ఇసుక రేణువులుంటాయి. ఇసుక ప్లాస్టిక్కు కన్న ఎంతో గట్టిది. పొడిగుడ్డతో దీపాన్ని తుడిచే క్లీనరు తనకు తెలియకుండానే దానిని సానపడుతున్నాడు. రెండవది ఎండ. అతినీలలోహిత కిరణాలు పాలికార్బొనేటు అణువుల గొలుసులను తెంచి, వాటిని పసుపురంగు పదార్థాలుగా మారుస్తాయి. పైపొరలో సన్నని బీటలు పడతాయి. ఎన్ని పొరలు పూసినా ఈ కిరణాలు అడుగుకు చేరితే పూతకూ ప్లాస్టిక్కుకూ మధ్య పట్టు సడలిపోతుంది. పెచ్చులు లేచేది అందువల్లనే.

మూడవది వేడిమి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 30 సెంటీమీటర్ల పొడవున్న దీపపు కవచాన్ని తీసుకుందాం. వేకువ చలి నుండి వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నం దాకా దాని ఉష్ణోగ్రత 50 డిగ్రీలు పెరిగిందనుకుందాం. పాలికార్బొనేటు కవచం ఆ వేడికి సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. అదే పొడవు గల సిలికా మిల్లీమీటరులో నూరవ వంతు కూడా సాగదు. ప్లాస్టిక్కు సాగుతానంటుంది, దాని మీద అతికి ఉన్న గాజువంటి పొర సాగనంటుంది. ప్రతి పగలూ ప్రతి రాత్రీ ఈ పెనుగులాట సాగుతూనే ఉంటుంది. చివరికి పొర ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలు మన కంటికి కనబడనంత సన్నవే కావచ్చు. వాటిలోకి నీరు మాత్రం దారి చూసుకుంటుంది.

నాలుగవది తేమ. కొల్లేరు పరిసరాలలో రాత్రంతా గాలిలో తేమ ఉంటుంది. గుల్లగా ఉన్న పొర ఆ తేమను పీల్చుకుంటుంది. రంధ్రాలలో గాలికి బదులు నీరు చేరితే పొర గుణకం 1.26 నుండి 1.4 దాకా పెరిగి, పరావర్తన నిరోధకత చాలావరకు తగ్గుతుంది. ఎండకు ఆరినా నీటితో వచ్చిన మురికి రంధ్రాలలోనే ఉండిపోతుంది. పురుగులు, డీజిలు మరకలు, సర్వీసింగు షెడ్డులో వాడే సబ్బునీళ్ళు, ఒత్తిడితో కొట్టే నీటిధార ఇవన్నీ వీటికి అదనం.

ఇన్ని శత్రువులను ఒకే పొర ఎదుర్కోలేదు. అందుచేత నిపుణులు పని పంచారు. పాలికార్బొనేటు మీద మొదట అతుకు కోసం ఒక ప్రైమరు వేస్తారు. దాని మీద కొన్ని మైక్రోమీటర్ల మందంతో సిలికానుకు సంబంధించిన గట్టి పూత వేస్తారు. అతినీలలోహిత కిరణాలను పీల్చే పదార్థాలను దానిలో కలుపుతారు. ఈ గట్టి పూత నేడు దాదాపు ప్రతి ప్లాస్టిక్ హెడ్‌లైటు మీదా ఉంటుంది. దాని గుణకం 1.5 పరిసరాలలో ఉంటుంది కాబట్టి అది పూసినంతనే బయటి ముఖం పరావర్తనం 5 నుండి 4 శాతానికి తగ్గుతుంది. అడగకుండా దక్కిన లాభమిది. పరావర్తన నిరోధక పొర వేయదలిస్తే దీని మీదనే వేయాలి, దాని మీద నీటిని నిలవనివ్వని మరొక పొర రావాలి. ఆ చివరి పొర మందం కొన్ని నానోమీటర్లే. తామరాకు మీది నీటిబొట్టులా వాన చినుకు దాని మీద జారిపోతూ మురికిని వెంట తీసుకుపోతుంది.

ఈ గట్టి పూతను తయారుచేసే పద్ధతులలో సోల్-జెల్ విధానం ముఖ్యమైనది. సిలికాను మోసే ఒక ద్రవాన్ని ఆల్కహాలులో కలిపి, కొంచెం నీరు, ఆమ్లం చేర్చితే అణువులు ఒకదానితో ఒకటి చేయి కలుపుకొని వలలా అల్లుకుంటాయి. ఆ ద్రవంలో వస్తువును ముంచి తీసినా, దాని మీద చిమ్మినా పలుచని పొర నిలుస్తుంది. దానిని ఆరబెట్టి వేడి చేస్తే గట్టిపడుతుంది. అచ్చమైన సిలికా వల ప్లాస్టిక్కుతో పాటు సాగలేదని పైన చూశాం. అందుకే ఆ వలలో కర్బన శృంఖలాలను కూడా కలిపి అల్లుతారు. సిలికా భాగం గట్టిదనాన్ని, కర్బన భాగం సాగే గుణాన్ని ఇస్తుంది. ఇటుకల మధ్య కొంచెం మెత్తని అడుసు ఉంటే గోడ నేల కదిలినా పగలనట్లే ఇది కూడా. ఇటువంటి పూతలు 120, 130 డిగ్రీల వద్దనే గట్టిపడతాయి, లేదా అతినీలలోహిత దీపం కిందనే గట్టిపడేటట్లు చేయవచ్చు.

ఈ విద్యలో కృషి చేస్తున్న సంస్థ ఒకటి మన తెలుగునాట ఉంది. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం కింద పనిచేసే స్వయంప్రతిపత్తి సంస్థ. చూర్ణ లోహశాస్త్రం, నూతన పదార్థాలు దాని రంగాలు. అందులో సోల్-జెల్ పూతలకు ప్రత్యేక విభాగమే ఉంది. పాలికార్బొనేటు వంటి ప్లాస్టిక్కుల మీద గీతలను తట్టుకొనే గట్టి పూతలు, సౌరఫలకాల గాజు మీద పరావర్తన నిరోధక పూతలు అక్కడి పరిశోధనాంశాలలో ఉన్నాయి. ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తే దీపపు కవచం సమస్య స్పష్టమవుతుంది. సౌరఫలకపు గాజు కూడా ఎండలో, దుమ్ములో, వానలో ఏళ్ళ తరబడి నిలవాలి. కాని దాని మీది గుల్ల సిలికాను కొన్ని వందల డిగ్రీల వేడిలో కాల్చి కుండలా గట్టి పరచవచ్చు. దీపపు కవచానికి గాజు పూత కావాలి, గాజుకు పెట్టే ఆవం మాత్రం పనికిరాదు.

గుల్లతనాన్ని, గట్టిదనాన్ని ఒకచోట చేర్చడానికి ఇటీవల ఎక్కువగా వాడుతున్న ఉపాయం బోలు రేణువులు. లోపల గాలి, చుట్టూ సిలికా పెంకు గల అతి చిన్న గోళాలను గట్టి బంధకంలో పొదిగి పొరగా పూస్తారు. ఖాళీ అంతా మూసిన గోళాల లోపల ఉంటుంది గనుక తేమ దానిలోకి చేరడం కష్టం. బయట ఉన్న బంధకం రాపిడిని భరిస్తుంది. ఖాళీ శాతం తగ్గించి గుణకం 1.3 పరిసరాలకు వచ్చినా సరిపెట్టుకొని, బదులుగా మన్నికను కొనుక్కోవడం ఇక్కడి నేర్పు. కాంతి లెక్కలలో ఉత్తమమైన పొరను ఎన్నుకోక, పదేళ్ళ తరువాత కూడా మిగిలి ఉండే పొరను ఎన్నుకోవడం ఈ రంగంలో మంచి వివేకమని నేననుకుంటాను.

ఇంకొక ఉపాయాన్ని నేర్పినది దీపానికి ముసిరే రెక్కల పురుగే. 1962 ప్రాంతంలో స్వీడన్ శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్, రాత్రించర జాతి రెక్కల పురుగుల కంటిపై ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడే అతి చిన్న బుడిపెలు వరుసలు తీరి ఉన్నాయని వివరించాడు. ఒక్కొక్క బుడిపె ఎత్తు, వాటి మధ్య దూరం సుమారు 200 నానోమీటర్లు. మొన వైపు గాలి పాలు ఎక్కువ, మొదలు వైపు కంటి పాలు ఎక్కువ. కాంతికి గాలి ఎక్కడ ముగిసిందో, కన్ను ఎక్కడ మొదలైందో తెలియదు. హద్దే లేకపోతే పరావర్తనమూ లేదు. చీకటిలో కంటిమెరుపు శత్రువుకు కనబడకుండా, దొరికిన కొద్ది వెలుగూ వృథా కాకుండా ఆ పురుగుకు ప్రకృతి చేసిన ఏర్పాటిది. ఇటువంటి బుడిపెలను అచ్చులోనే చెక్కి, ప్లాస్టిక్కును పోత పోసేటప్పుడే తెచ్చుకోవచ్చు. వేరే పూత అక్కరలేదు, పెచ్చులు లేచే ప్రశ్నే ఉండదు. అయితే బయటి ముఖం మీద అవి ఒక్క తుడుపుకు విరిగిపోతాయి, మురికి పట్టితే వదలవు.

కాబట్టి పొరను ఎక్కడ వేయాలన్నదీ ఆలోచించవలసిన విషయమే. కవచం లోపలి ముఖానికి దుమ్ము రాపిడి లేదు, తుడిచే చేయి లేదు, వాన లేదు. నాజూకైన గుల్లపొరను, పురుగు కంటి బుడిపెలను అక్కడ ఉంచి, బయట గట్టి పూతను మాత్రమే నిలిపితే సగం లాభం నిశ్చింతగా దక్కుతుంది. ఇక్కడ కూడా ఒక పేచీ ఉంది. పాత బల్బుల వేడికి దీపం లోపలి తేమ త్వరగా ఆరిపోయేది. నేటి ఎల్ఈడీ దీపాలు ముందువైపుకు అంత వేడిని పంపవు. వర్షాకాలంలో కొత్త కార్ల దీపాల లోపల కూడా ఆవిరి పట్టి బిందువులు నిలవడం మీరు చూసే ఉంటారు. ఆవిరి పట్టకుండా లోపలి ముఖం మీద నీటిని పలుచగా పరిచే పూతను చాలామంది నిర్మాతలు వేస్తున్నారు. ఆ స్థలంలో పరావర్తన నిరోధక పొర చోటు సంపాదించాలంటే ఆ పని కూడా తానే చేయగలగాలి. ఏటవాలు కవచాలలో మరొక ఇబ్బంది. నిలువుగా కాంతి తగిలే చోట 109 నానోమీటర్లు సరిపోయే పొర, 60 డిగ్రీల వాలు గల చోట దాదాపు 150 నానోమీటర్ల మందం ఉండాలి. ఒకే దీపం మీద చోటుచోటుకూ మందం మార్చడం చెప్పినంత తేలిక కాదు. ఈ కారణాలన్నిటివల్ల సాధారణ వాహనాల దీపాల మీద గట్టి పూత తప్పనిసరిగా కనిపిస్తుందే గాని, పరావర్తన నిరోధక పూత నేటికీ అరుదే.

ఇంతకూ ఈ రెండింటిలో రోడ్డు మీది మనిషికి ఏది ఎక్కువ అవసరం? చిన్న లెక్క వేద్దాం. కొత్త దీపం వెలుగులో ఒక పాదచారి 60 మీటర్ల దూరం నుండి కనబడుతున్నాడనుకుందాం. వెలుగు దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. కవచం వద్ద పరావర్తనం వల్ల 10 శాతం వెలుగు పోతే అతడు 57 మీటర్ల దూరంలో కనబడతాడు. తేడా 3 మీటర్లు. 2018లో అమెరికా వాహనదారుల సంఘమైన ఏఏఏ, పసుపు తిరిగి మసకబారిన దీపాలు కొత్తవాటి వెలుగులో అయిదవ వంతు మాత్రమే ఇస్తున్నాయని ప్రకటించింది. అటువంటి దీపంతో అదే పాదచారి స్థూలంగా 27 మీటర్ల దగ్గరికి వచ్చేదాకా కనబడడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. చోదకుడు చూసి, కాలు బ్రేకు మీద వేసే లోపలే ఆ 27 మీటర్లలో అధికభాగం గడిచిపోతుంది. మూడు మీటర్ల కోసం వేసిన గుల్లపొర రెండేళ్ళకు పెచ్చులు లేచి, తనతోపాటు గట్టి పూతను కూడా చెరిపితే పోయేది ముప్పై మూడు మీటర్లు.

అందుకే పరీక్షలు అంత కఠినంగా ఉంటాయి. పూత మీద బ్లేడుతో గళ్ళుగా గీసి, జిగురు టేపు అంటించి ఒక్కసారిగా లాగి చూస్తారు. గరుకు చక్రాలను నిర్ణీత బరువుతో దాని మీద తిప్పి, ఎంత మసక పెరిగిందో కొలుస్తారు. వేడినీటిలో ఉంచుతారు, వేడికీ చలికీ మార్చి మార్చి గురిచేస్తారు, పెట్రోలు, డీజిలు వంటి ద్రవాలతో తుడుస్తారు. వీటన్నిటికీ మించినది ఎండ పరీక్ష. అమెరికా నిబంధనల ప్రకారం హెడ్‌లైటు ప్లాస్టిక్కును తేమ ఎక్కువగా ఉండే ఫ్లోరిడాలోనూ, పొడి ఎండలు కాసే ఆరిజోనాలోనూ మూడేళ్ళు ఆరుబయట నిలిపి చూస్తారు. ఒక విధంగా చూస్తే కొల్లేటి గట్టూ, వేసవిలో మన మెట్టసీమా ఈ రెండు తావులకూ దగ్గరి పోలికలు కలవే.

పసుపు తిరిగిన దీపాన్ని బాగుచేసే పద్ధతి ఒకటి మన పట్టణాలలో బాగా వాడుకలో ఉంది. నీటిలో తడిపిన ఎమరీ కాగితంతో కవచాన్ని రుద్ది, పాలిషు పట్టిస్తారు. కొందరు పళ్ళపొడి పేస్టుతోనే పని కానిస్తారు. గంటలో దీపం కొత్తదానిలా మెరుస్తుంది, యజమాని సంతోషిస్తాడు. ఆ రుద్దుడులో పోయినది పసుపు ఒక్కటే కాదు. మిగిలి ఉన్న గట్టి పూత, అందులోని అతినీలలోహిత రక్షణ కూడా పోయాయి. బయటపడిన పాలికార్బొనేటు ఈసారి ఏడెనిమిదేళ్ళు ఆగదు, కొద్ది నెలలలోనే మళ్ళీ పసుపు తిరుగుతుంది. పాలిషు తరువాత అతినీలలోహిత రక్షణ గల పారదర్శక పూతను మళ్ళీ వేయించినప్పుడే ఆ మెరుపు కొంతకాలమైనా నిలుస్తుంది. దానికయ్యే ఖర్చు కొంచెం ఎక్కువ. పూత వేశారా లేదా అన్నది పని ముగిసిన రోజున కంటికి తెలియదు, తరువాతి వేసవిలో తెలుస్తుంది.